కదలని కిటికీ అద్దము – కారణ విచారము



నేను ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు తెలుగు, సంస్కృతము చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువుగారి సన్నిధిని కావ్యములతోపాటు కొంత తర్కమును కూడ చదివితిని. అట్టివాడు మోటారుబండి కిటికీని గూర్చి ప్రసంగింప బూనుట విని మీలో కొందరు నవ్వుకొందురేమో! నవ్వుకొనుడు, తప్పులేదు. కాని యా కిటికీ వలన నేను నేర్చిన పాఠమునకు నాలుగు వేల రూపాయలును, ఒక యువకుని యెదుట తలవంపును వ్యయమైనవి. మీకు ఆ వ్యయము లేకుండ పాఠము మాత్రము దక్కవలెనని నా యభిలాష.

మా గ్రామమునకు కాలువగట్టు మీదుగా పదకొండు కిలోమీటర్లు పోయినగాని పెద్దాసుపత్రి లేదు. పట్టణమున స్థిరపడిన మా యూరివారొకరు తమ పాతకారును గ్రామమునకు దానముగా నిచ్చిరి. అప్పటికే దానికి పదునాలుగేండ్ల ప్రాయము. గ్రామస్థులము తలకొంత వేసికొని ఒక డ్రైవరును నియమించితిమి. రాత్రివేళ ప్రసవవేదన పడు స్త్రీలను, పాము కరచినవారిని, గుండెనొప్పి వచ్చిన వృద్ధులను ఆసుపత్రికి చేర్చుటయే దాని పని. లెక్కలు వ్రాయు బాధ్యత నాకు అప్పగింపబడినది.

మొన్నటి శ్రావణమాసమున ఒకనాటి యర్ధరాత్రమున ఒక గర్భవతిని ఆ బండిలో తీసికొనిపోవుచుండిరి. ఉక్కగా నున్నదని ఆమె యత్తగారు వెనుకసీటు ఎడమప్రక్క యద్దమును దింపినది. మూడు కిలోమీటర్లు పోవుసరికి కుండపోతగా వాన! మీట ఎంత యెత్తినను అద్దము లేవలేదు. ముసలమ్మ తన చీరచెంగును కిటికీకి అడ్డుపెట్టి దారిపొడుగున నిలువునా తడిసినది. గర్భిణియు చలికి గడగడ వణకుచు ఆసుపత్రి చేరినది. దైవానుగ్రహమున తెల్లవారుజామున ఆడశిశువు జన్మించెను, తల్లీబిడ్డలు క్షేమము. కాని లెక్కలపుస్తకము చేతబట్టుకొన్న నాకు ఆ యుదయమున ముఖమెత్తి వారిని చూచుటకు సిగ్గైనది. ఏలనన, ఆ యద్దమును బాగుచేయించి పదునైదు దినములైనను కాలేదు!

ఎందుకట్లయ్యెనో చెప్పుటకు ముందు, ఈ కిటికీ నడచు విధమును కొంచెము తెలిసికొందము.

మనము ఎరిగిన పాత యంబాసిడరు బండ్లలో తలుపునకు ఒక చేతిపిడి యుండెడిది. దానిని త్రిప్పిన అద్దము లేచెడిది, దిగెడిది. చేతితో త్రిప్ప నక్కరలేని కిటికీలను 1940వ సంవత్సరమున అమెరికాదేశమున ప్యాకార్డు సంస్థవారు తమ ఖరీదైన బండ్లలో ప్రవేశపెట్టిరి. ఆనాటి యేర్పాటులో ద్రవపు ఒత్తిడి యద్దమును నడపెడిది. తరువాతి కాలమున ప్రతి తలుపులోను ఒక చిన్న విద్యుత్తు మోటారును అమర్చుట వాడుకలోనికి వచ్చినది. నేడు మన యూళ్లలో తిరుగు బండ్లలో నున్నది ఈ విధమే.

దీని యంగములు ఆరు. మొదటిది 12 వోల్టుల బ్యాటరీ. రెండవది ఫ్యూజు. మూడవది మీట, అనగా స్విచ్చి. ఇది ఆ తలుపునకు ఒకటియు, డ్రైవరు చేతిచెంత మరియొకటియు నుండును. నాలుగవది తీగలు. ఐదవది మోటారు. ఆరవది అద్దమును మోయు చట్రము. దానిని మెకానిక్కులు రెగ్యులేటరు అందురు. ఇది కొన్నిటిలో కత్తెరవలె మడతపడు ఇనుపబద్దలతోను, కొన్నిటిలో కప్పీల మీద నడచు సన్నని యుక్కుత్రాటితోను ఉండును. పాతబండ్లలో మోటారునకు సాధారణముగా రెండే తీగలు. మీటను ఒకవైపు నొక్కిన విద్యుత్తు ఒక దిక్కున పారి అద్దము దిగును. రెండవవైపు నొక్కిన ఎదురుదిక్కున పారి అద్దము లేచును. మోటారు కొనయందు మరచుట్టు గల యిరుసొకటి పండ్లచక్రమును త్రిప్పును. చక్రము ఇరుసును వెనుకకు త్రిప్పలేదు. అందువలననే మోటారు ఆగియున్నప్పుడు ఎవడైనను అద్దమును చేతితో క్రిందికి నెట్టజాలడు. దొంగకు అది యడ్డంకి. చెడినప్పుడు మనకును అదియే యడ్డంకి.

ఇక దోషము నెట్లు వెదకవలెను? వైద్యుడు రోగి మొగము చూచినంతనే మందు వ్రాయడు. ప్రశ్నించును, నాడి చూచును. ఇచటను అట్లే క్రమము కలదు.

మొదటి ప్రశ్న: అన్ని యద్దములును నిలిచినవా, ఒక్కటియేనా? అన్నియు నిలిచినచో దోషము అన్నిటికి ఉమ్మడియైన చోట, అనగా ఫ్యూజునందో, దాని దరినుండు రిలేయందో, డ్రైవరు మీటల పెట్టెయందో యుండును. ఒక్కటియే నిలిచినచో ఆ తలుపునందే వెదకుట మేలు. ప్రయాణికుల మీటలు మాత్రము పనిచేయక, డ్రైవరు మీట పనిచేయుచున్నచో మొదట చూడవలసినది తాళపుమీట. పిల్లలు అద్దములతో ఆడకుండ డ్రైవరు తలుపున ఒక చిన్నమీట యుండును. అది చేయి తగిలి నొక్కుకొని పోయియుండును. మనము మెకానిక్కునకు కబురు పంపుచుందుము!

ఫ్యూజును గూర్చి ఒక హెచ్చరిక. ఫ్యూజుల పెట్టె సాధారణముగా డ్రైవరు మోకాళ్లదరి నుండును. మూతమీద ఏది దేనికో వ్రాసియుండును. కిటికీలది తరచుగా 20 గాని 30 గాని ఆంపియర్లది. అది కాలినచో అంతే యంకె గల దానిని పెట్టవలెను. మనవారు ఇంటి ఫ్యూజు కాలినప్పుడు దొరికిన రాగితీగను చుట్టు అలవాటు కలదు. బండిలో ఆ పని చేయరాదు. ఫ్యూజు తాను చచ్చి తీగలను బ్రదికించు సేవకుడు. సేవకుడు చావకుండ చేసితిమా, తలుపులోని తీగలు కాలి బండియే యంటుకొనవచ్చును. క్రొత్తది పెట్టిన వెంటనే మరల కాలినచో, ఎచటనో తీగ బండియినుమును తాకుచున్నదని తెలియవలెను.

రెండవ ప్రశ్న: మీట నొక్కినప్పుడు తలుపులో శబ్దము వినవచ్చుచున్నదా? మోటారు తిరుగు శబ్దముండి అద్దము కదలనిచో, విద్యుత్తు దోషము కాదు. ఉక్కుత్రాడు తెగినదో, చక్రపు పండ్లు అరిగినవో, అద్దము చట్రమునుండి జారినదో యగును. శబ్దమే లేనిచో, విద్యుత్తు రాకపోవుట గాని, వచ్చినను మోటారు తిరుగలేకపోవుట గాని కారణము.

ఈ రెండింటిని వేరుచేయుటకు ఒక సులభోపాయము చెప్పెదను. చీకటివేళ ఇంజను ఆపి, తాళమును మాత్రము త్రిప్పియుంచి, బండిలోని పైదీపమును వెలిగించి, మీట నొక్కి దీపమువంక చూడుడు. దీపము ఒకింత మసకబారినచో విద్యుత్తు మోటారులో పారుచున్నది, కాని మోటారో అద్దమో బిగిసియున్నది. దీపము చలింపనిచో విద్యుత్తు పారుట లేదు; మీట, తీగ, లేదా మోటారు లోపలి బొగ్గుబ్రష్షులు అనుమానింపదగినవి. బ్రష్షులు అరిగినప్పుడు మీట నొక్కియుంచి మరియొకరు తలుపు లోపలిరేకును పిడికిలితో తట్టిన మోటారు ఒక్కసారి మేల్కొనుటయు కలదు. అది చికిత్స కాదు, రోగలక్షణము మాత్రమే.

అద్దము చచ్చుబడినట్లు మెల్లగా నడచుచున్నచో, అద్దము జారు రబ్బరు గాడులు దుమ్ముతో ఎండియుండును. తడిగుడ్డతో శుభ్రము చేసి, ఆరిన పిదప సిలికాను ద్రావకమును చిమ్మవలెను. ఆముదము, కొబ్బరినూనె, గ్రీజు పూయరాదు. నూనె దుమ్మును పట్టి బురదచేయును, గ్రీజు రబ్బరును ఉబ్బించును. మరియు, పిల్లలు అదేపనిగా పదిసార్లు ఎత్తి దింపినచో మోటారు వేడెక్కి తనంతట తాను నిలిచిపోవుటయు కలదు. కొన్ని నిమిషములు చల్లారనిచ్చిన మరల నడచును. దానిని చెడిపోయినదని విప్పరాదు.

ఇప్పుడు మా బండి కథకు వత్తును. జ్యేష్ఠమాసముననే ఆ యెడమ యద్దము మొరాయింప నారంభించినది. మా డ్రైవరు పదవ తరగతితో చదువు మానిన కుర్రవాడు. అతడు నాతో, "మాస్టారూ, తలుపు సగం తీసి పట్టుకొని మీట నొక్కితే ఒక్కొక్కప్పుడు అద్దం లేస్తోందండీ. తలుపు మూస్తే లేవటం లేదండీ" అని చెప్పెను. నేనేమంటిని? "తలుపునకును అద్దమునకును సంబంధమేమిరా అబ్బాయీ! మొరటుగా నొక్కి నొక్కి నీవే పాడుచేసితివి" అంటిని. అతడు మరి మాటాడలేదు.

బండిని పట్టణములోని ఒక మరమ్మతుశాలకు పంపితిమి; నేనును వెంట పోయితిని. అచటి పనివాడు మొదట చక్కని పనియే చేసెను. ఎడమ మీటను ఊడదీసి కుడితలుపునను, కుడి మీటను ఎడమతలుపునను పెట్టి చూచెను. అనుమానింపబడిన మీట కుడివైపున చక్కగా పనిచేసెను. మంచిమీట పెట్టినను ఎడమ యద్దము కదలలేదు. కావున మీట నిర్దోషి. మా తర్కమున దీనినే అన్వయవ్యతిరేకములందురు. ఒకటి యున్నప్పుడు రెండవది యుండుట, లేనప్పుడు లేకుండుట చూచి కారణమును నిశ్చయించుట. నాకు మిక్కిలి సంతోషమైనది.

పిదప అతడు తలుపు లోపలిరేకు విప్పి, మోటారు నుండి తీగలకొనను ఊడదీసి, ఒక చిన్న పరీక్షదీపమును తీగలకు తగిలించి మీట నొక్కెను. దీపము వెలిగెను. "కరెంటు వస్తోందండీ, మోటారే పోయింది" అనెను. నేనును తల యూపితిని. క్రొత్త మోటారునకును కూలికిని నాలుగు వేల రూపాయలైనవి. ఆనాడు అద్దము నడచినది. డ్రైవరు మొరటుతనమున కలిగిన నష్టమని తలచి, అందు వేయి రూపాయలను అతని జీతమునుండి నెలకు కొంతగా తగ్గింపవలెనని పుస్తకమున వ్రాసితిని. ఆ వ్రాత నాచేతిదే.

ఆ పిమ్మట శ్రావణమాసపు వాన సంగతి మీరు వింటిరి.

మరునాటి యుదయమున బండి మా వాకిట నిలిచినది. సీట్లు ఇంకను నీరోడుచున్నవి. నేను డ్రైవరును పిలిచి, "నాయనా, ఆనాడు తలుపు సంగతి ఏదియో చెప్పితివి, మరల చెప్పుము" అంటిని. అతడు చెప్పలేదు, చూపెను. తలుపును మెల్లగా తెరచుచు మీటను ఎత్తిపట్టెను. ఒకానొక కోణమునకు వచ్చినంతనే అద్దము జానెడు లేచెను. తలుపు కదలినంతనే నిలిచెను. ఇది కాకతాళీయమేమో యని నాలుగుసార్లు చేయించితిని. నాలుగుసార్లును అట్లే యయ్యెను.

తలుపునకును బండికిని నడుమ, కీలుల చెంత, మడతలు మడతలుగా నున్న నల్లని రబ్బరు గొట్టమొకటి కలదు. తీగలు బండినుండి తలుపులోనికి పోవునది దానిగుండనే. తలుపు తీసిన ప్రతిసారియు, మూసిన ప్రతిసారియు ఆ తీగలు వంగును. పదునాలుగేండ్లలో ఎన్ని వేలసార్లు వంగెనో! ఆ గొట్టమును వెనుకకు జరపి చూతుము గదా, మోటారునకు పోవు రెండు తీగలలో నొకదాని పైతొడుగు చిట్లి, లోపలి సన్నని రాగిపోచలలో రెండు మూడు తప్ప తక్కినవన్నియు తెగియున్నవి. మిగిలిన పోచలకు పచ్చని చిలుము పట్టినది.

అయినచో మరమ్మతుశాలలో దీపమేల వెలిగెను? ఇచటనే నా చదువు నన్ను రక్షింపవలసియుండెను. నేను దానిని వినియోగింపనైతిని. మీ పొలములో బోదె పూడుకొనిపోయి సన్ననిధార మాత్రము వచ్చుచున్నదనుకొనుడు. ఆ ధారక్రింద చెంబు పెట్టిన నిండును. చెంబు నిండినది గనుక నీరు చాలినంత వచ్చుచున్నదని యెకరము మడి తడియునా? చిన్నదీపము చెంబువంటిది, దానికి అర ఆంపియరు ప్రవాహమైనను అక్కరలేదు. మోటారు మడివంటిది, దానికి ఎన్నో ఆంపియర్లు కావలెను. రెండు పోచలు దీపమును వెలిగింపగలవు గాని మోటారును త్రిప్పజాలవు. ఆనాడు తలుపు విప్పి కదల్చుటలో తెగినపోచలు తాత్కాలికముగా కలిసికొని క్రొత్త మోటారు నడచినది. దానిని చూచి మేము మోటారే దోషి యనుకొంటిమి.

పొగయున్నచోట నిప్పుండునన్న మాట నిజము. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననరాదు; ఎఱ్ఱగా కాల్చిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. ఇట్టి హేతువును సవ్యభిచార మందురు. అది సాధ్యమున్నచోటను లేనిచోటను కూడ కనబడును. మోటారు చెడినప్పుడు దీపము వెలుగును, అద్దము కదలదు. కాని దీపము వెలిగి అద్దము కదలనిచోటనెల్ల మోటారే చెడినదని చెప్పరాదు. ఈ పాఠమును నేను ఎందరు విద్యార్థులకో చెప్పియుంటిని. నా చేతిలోని పైకమును ఖర్చుపెట్టునప్పుడు మరచితిని.

కావున పరీక్ష చేయునప్పుడు చిన్నదీపముతో తృప్తిపడరాదు. 55 వాట్ల ముందులైటు బల్బును తగిలించి చూడవలెను. అది నిండుకాంతితో వెలిగినచో తీగ మంచిది. ఎఱ్ఱగా మిణుకుమిణుకుమన్నచో త్రోవలో ఎచటనో పూడిక యున్నది. ఇట్లు చూచునప్పుడు తలుపును మెల్లగా ఊపుచుండుట మరువరాదు. మోటారును అనుమానించినచో, దానిని కొనుటకు ముందు బ్యాటరీనుండి ఫ్యూజు గల వేరుతీగలను తెచ్చి మోటారునకు సూటిగా తగిలింపవలెను. అది తిరిగినచో మోటారు మంచిదే. మాకు ఈ పరీక్ష చేయుటకు పట్టెడి కాలము అయిదు నిమిషములు.

తీగను బాగుచేయుటకు మొదట బ్యాటరీ ఋణపుకొనను ఊడదీసితిమి. చిలుము పట్టిన భాగమును రెండువైపుల కోసివేసి, అంతే లావుగల మెత్తని తీగను కొంత వదులుగా నుండునట్లు అతికి, టంకము వేసి, పైన తొడుగు వేయించితిమి. ఇందొక సూక్ష్మము కలదు. టంకము వేసినచోట తీగ బిరుసగును. వంగుచోట నుండినచో దాని యంచున మరల తెగును. కావున అతుకులు రెండును రబ్బరుగొట్టమునకు వెలుపల, వంగనిచోట పడునట్లు చూడవలెను. దీనికంతటికిని నూరు రూపాయలలోపే వ్యయమైనది. నాటినుండి నేటివరకు ఆ యద్దము ఆగలేదు.

దారిలో అద్దము ఆగినచో ఏమి చేయవలెనో కూడ చెప్పెదను. ఒకరు మీటను ఎత్తిపట్టవలెను. మరియొకరు అద్దమునకు లోపలను వెలుపలను అరచేతు లానించి పైకి లాగవలెను. మోటారులో కొంచెము ప్రాణమున్నను ఆ సాయముతో లేచును. వ్రేళ్లను అద్దపు పైయంచున పెట్టరాదు. తలుపును కొంచెము తెరచి, మూసి, ఊపి చూచుట మరువరాదు. ఆ రాత్రి అది తెలిసియున్నచో ముసలమ్మ తడిసియుండెడిది కాదు. ఏదియు ఫలింపనిచో దట్టమైన ప్లాస్టిక్కు పట్టాను కిటికీకి వెలుపలనుండి కప్పి, పైయంచును తలుపుసందున బిగించి మూయవలెను. మా బండిలో ఇప్పుడు ఎల్లప్పుడును ఒక పట్టాయు, అంటుపట్టీచుట్టయు నుండును.

చివరగా మిక్కిలి ముఖ్యమైన మాట. ఆగిన యద్దముకంటె నడచు నద్దము ప్రమాదకరము. పాతబండ్లలో కొన్నిటి మీట నొక్కినంతనే అద్దము లేచును. పసిబిడ్డ కిటికీలోనుండి తల బయటపెట్టి మోకాలు మీటపై ఆనించినచో మెడకు బిగియును. అందుకే యిటీవలి బండ్లలో వ్రేలితో పైకి లాగినగాని అద్దము లేవకుండునట్లు మీటలను చేయుచున్నారు. అడ్డు తగిలినంతనే వెనుకకు దిగు ఏర్పాటు పాతబండ్లలో సాధారణముగా ఉండదు. కావున పిల్లలు బండిలో నున్నప్పుడు తాళపుమీటను నొక్కియుంచుడు. బండి దిగునప్పుడు తాళపుచెవిని బండిలో విడువకుడు.

నాటి సాయంకాలమున లెక్కలపుస్తకమును సభలో తెరచి, డ్రైవరు జీతమునుండి తగ్గింపవలెనని వ్రాసిన వేయి రూపాయల పద్దును నలుగురి యెదుట కొట్టివేసితిని. అప్పటికే తగ్గించిన మొత్తమును అతని చేతికిచ్చితిని. "పోనీండి మాస్టారూ" అని అతడు నవ్వెను. చేతితో ప్రతిదినము పనిముట్టును తాకువాని మాట ప్రత్యక్షప్రమాణము. కుర్చీలో కూర్చున్నవాని యూహ దానిముందు నిలువదు. మీ యూరి బండి, మోటారు, పంపు ఏది చెడినను, ముందుగా దానిని నడపువానిని పిలిచి, వాడు చెప్పునది పూర్తిగా వినుడు. పిమ్మట పైకపుసంచి విప్పుడు.